ముందు ఇంజను, ఆఖర్న కార్బొరేటర్లు

పాత రెండు సిలిండర్ల బండి ఐడిలింగ్‌లో తడబడితే చాలామంది చెయ్యి నేరుగా కార్బొరేటర్ స్క్రూల మీదికి పోతుంది. పని చెడేది అక్కడే. రెండు కార్బొరేటర్లను సమం చేయడమంటే రెండు సిలిండర్లకూ గాలి ఒకే మోతాదులో అందేలా చూడడం, అంతే. సిలిండర్లు రెండూ బాగున్నప్పుడే దానికి అర్థం ఉంటుంది. ఒకదానిలో కంప్రెషన్ పడిపోయినప్పుడు, టైమింగ్ తప్పినప్పుడు స్క్రూలు తిప్పి శబ్దం సరిచేస్తే జబ్బు తగ్గదు, బయటికి కనిపించడం మానేస్తుంది. ట్యూనింగ్‌లో కార్బొరేటర్లను సమం చేయడం ఆఖరి పనిగానే ఉండాలి.

1983లో ఎస్కార్ట్స్ సంస్థ తెచ్చిన రాజ్‌దూత్ 350నే చూడండి. యమహా ఆర్‌డీ 350 ఆధారంగా తయారైన 347 సీసీ టూ స్ట్రోక్ బండి అది. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంక్‌కేసులోకి వెళ్లి, అక్కడి నుంచి పైకి వస్తుంది. అందువల్ల ఒక్కో సిలిండర్‌కు విడిగా ఒక క్రాంక్ గది ఉంటుంది. ఈ బండిలో రీడ్ వాల్వు, కార్బొరేటర్, ఇగ్నిషన్ పాయింట్ల జత కూడా దేనికవే. ఎడమవైపు ఆల్టర్నేటర్ వెనక ఉన్న క్రాంక్ సీలు గట్టిపడితే ఆ సిలిండర్ బయటి గాలి పీల్చుకుంటుంది, మిశ్రమం పలచబడుతుంది. కుడివైపు క్లచ్ దగ్గరి సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి వచ్చి ఆ సైలెన్సర్ ఒక్కటే తెల్లగా పొగ కక్కుతుంది. కార్బొరేటర్‌ను ఇంజనుకు కలిపే రబ్బరు చీలినా గాలి దూరుతుంది. వీటిలో ఏదీ స్క్రూకు లొంగేది కాదు. ఫోర్ స్ట్రోక్‌లోనూ ఇదే వరస. 1969 నాటి హోండా సీబీ 750కి నాలుగు కార్బొరేటర్లు. వాక్యూమ్ గేజ్‌లు తగిలించి వాటిని సమం చేస్తారు. కానీ ఒక సిలిండర్ వాల్వు సరిగా మూసుకోకపోతే అక్కడ వాక్యూమ్ తగ్గుతుంది. గేజ్ చూపేది వాల్వు లోపం, మెకానిక్ దిద్దేది కార్బొరేటర్!

అనుభవం ఉన్న మెకానిక్ చెవితోనే పట్టేస్తాడు, ఇంత తతంగం ఎందుకు అని అడగొచ్చు. ఆ చెవిని నేను గౌరవిస్తాను. అయితే ఐడిలింగ్‌లో చెవికి వినిపించేది రెండు సిలిండర్లు కలిసి చేసే శబ్దం. అసలు తేడా థ్రాటిల్ కొద్దిగా తిప్పినప్పుడు వస్తుంది. ఆర్‌డీ 350 కార్బొరేటర్ గొట్టం వెడల్పు 28 మిల్లీమీటర్లు. థ్రాటిల్ తిప్పితే ఆ గొట్టంలో పైకి లేచి గాలికి దారి ఇచ్చేవి స్లైడ్లు. అవి పూర్తిగా లేచినప్పుడు వాటి మధ్య ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా పెద్దగా తెలియదు. అదే ఒకటి 1 మిల్లీమీటరు, రెండోది 2 మిల్లీమీటర్లు లేచినచోట రెండో సిలిండర్‌కు రెట్టింపు కంటే ఎక్కువ దారి దొరుకుతుంది. ఊళ్లో తిరిగే బండి ఎక్కువసేపు నడిచేది ఈ చిన్న తెరుపులోనే. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఒక్కో కార్బొరేటర్ నోట్లో వేలు పెట్టి, థ్రాటిల్‌ను మెల్లగా తిప్పుతూ రెండు స్లైడ్లూ ఒకే క్షణంలో కదులుతున్నాయా లేదా అని తడిమి చూడడం అందుకే చెవి కంటే నమ్మకమైన పద్ధతి. ఇంజను ఆపి ఉన్నప్పుడే చేయాలి సుమా. కదలిక కలవకపోతే ఒక్కో కేబుల్ అడ్జస్టర్‌తో దిద్దాలి. ఎయిర్ స్క్రూ పని వేరు. అది ఐడిలింగ్ మిశ్రమాన్ని మార్చుతుందే గాని స్లైడ్ ఎత్తును మార్చదు.

ఇంకో అభ్యంతరం ఇప్పటి పెట్రోలు గురించి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇంధనానికి జెట్లు మార్చడమే ముఖ్యం, ఈ సమానత్వం తర్వాతి సంగతి అంటారు. ఇందులో సగం నిజముంది. పెట్రోలు పూర్తిగా మండడానికి దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. కాబట్టి పాత జెట్లతో మిశ్రమం పలచబడే మాట వాస్తవమే. అయితే అది రెండు సిలిండర్లకూ ఒకేలా పలచబడుతుంది. వేడిని తట్టుకునే వెసులుబాటు రెండింటికీ తగ్గినప్పుడు, స్లైడ్ ఎక్కువ లేచి బరువంతా మోస్తున్న సిలిండర్ ముందుగా సీజ్ అయ్యే ప్రమాదముంది. వెసులుబాటు తగ్గిన కొద్దీ ఈ సమానత్వం అవసరం పెరుగుతుంది.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. రాజ్‌దూత్ 350లో థ్రాటిల్ కేబుల్ రెండు కార్బొరేటర్లతో పాటు ఆయిల్ పంపునూ తిప్పుతుంది. పంపు రెండు సిలిండర్లకూ సమానంగానే ఆయిల్ పంచుతుంది, ఎవరు ఎక్కువ పని చేస్తున్నారో దానికి తెలియదు. కార్బొరేటర్ కేబుళ్లు కదిలిస్తే పంపు మీది అమరిక గుర్తు కూడా తప్పిపోవచ్చు. మీ బండి ట్యూనింగ్‌కు ఇచ్చినప్పుడు కంప్రెషన్, టైమింగ్ ముందు చూడమని చెప్పండి. స్లైడ్లు కలిపాక ఆయిల్ పంపు గుర్తు సరిచూడకుండా బండి తీసుకోకండి.