పాత కంప్యూటర్ ఆటలు కొత్త యంత్రాలలో ఎలా నిలుస్తాయి?

1990లలో కంప్యూటర్ శిక్షణ కేంద్రాలలో చదువుకున్నవారికి డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే పేర్లు చెబితే చాలు, ముఖాలు వికసిస్తాయి. ఆ తరం వారు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. ఆ ఆటల ఫ్లాపీ ఇంట్లో ఏ అటకమీదో ఉండవచ్చు. కాని నేటి కంప్యూటర్లో దాన్ని పెట్టే చోటే లేదు. ఎలాగో ఫైళ్లు ఎక్కించినా చాలా ఆటలు నేరుగా నడవవు. ఎందుకు నడవవు, నడిపించడానికి కొందరు ఏమి చేశారు, దాని నుండి మన పిల్లలు నేర్చుకోవలసినది ఏమిటి అన్నదే ఈ వ్యాసం.

స్కాలర్‌షిప్ పత్రికలో ఆటల గురించి ఎందుకని పెద్దలు అడగవచ్చు. నేను కామర్స్ చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాడిని. కంప్యూటర్ ఇంజనీరును కాను. అయితే చేతిరాత లెడ్జర్ల నుండి పోస్టింగ్ యంత్రాలకు, అక్కడి నుండి కోర్ బ్యాంకింగ్‌కు ఖాతాలు మారిన కాలమంతా కౌంటరు వెనుక ఉన్నాను. ఒకచోటి నిల్వ మరొకచోటికి పైసా తేడా లేకుండా చేరాలంటే ఎంత శ్రద్ధ కావాలో ఆ పని నేర్పింది. పాత ఆటలను కాపాడేవారి పనీ అటువంటిదే.

ఆట ఎందుకు ఆగిపోతుంది?

డాస్ కాలంలో ఒక ఆట మొదలైతే యంత్రమంతా దాని చేతిలోనే ఉండేది. తెరపై బొమ్మ వేయాలన్నా, సౌండ్ కార్డుతో శబ్దం చేయించాలన్నా ఆట నేరుగా ఆయా భాగాలకే ఆజ్ఞలు పంపేది. తరువాత వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు భద్రత కోసం దీనిని ఆపివేశాయి. ఇప్పుడు ఏ ప్రోగ్రామయినా సిస్టమ్ ద్వారానే అడగాలి.

రెండవ కారణం ప్రాసెసర్ల మార్పు. డాస్ ఆటలలో చాలావరకు 16-బిట్ ప్రోగ్రాములు. 64-బిట్ విండోస్ వాటిని నడపదు. 2021లో వచ్చిన విండోస్ 11 కేవలం 64-బిట్‌లోనే వచ్చింది. ఆపిల్ కూడా 2019 నాటి మ్యాక్ ఓఎస్ క్యాటలినాతో 32-బిట్ ప్రోగ్రాములకు స్వస్తి చెప్పింది. ఇక కొన్ని పాత ఆటలు ప్రాసెసర్ వేగాన్ని బట్టే కాలాన్ని లెక్కించేవి. అవి వేగవంతమైన యంత్రంలో కన్ను ఆనకముందే ముగిసిపోతాయి.

బ్యాంకు భాషలో చెప్పాలంటే, లెడ్జరు చెడిపోలేదు. దానిని చదవగల గుమాస్తా లేడు.

మూడు మార్గాలు

మొదటిది పాత యంత్రాన్నే అనుకరించడం. ఇలా చేసే ప్రోగ్రామును ఎమ్యులేటర్ అంటారు. 2002లో వెలువడిన డాస్‌బాక్స్ దీనికి మంచి ఉదాహరణ. పాత ప్రాసెసర్, సౌండ్ కార్డు, తెర అన్నీ ఉన్నట్టుగా అది ఆటను నమ్మిస్తుంది. వేగాన్ని తగ్గించుకునే ఏర్పాటూ ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఉచితంగా నడుస్తుంది. ఆటలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. 2015 జనవరిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ రెండు వేలకు పైగా డాస్ ఆటలను బ్రౌజరులోనే ఆడుకునేలా ఉంచింది. దాని వెనుక ఉన్నదీ డాస్‌బాక్సే.

రెండవది ఆటను నడిపే భాగాన్ని మాత్రమే కొత్తగా రాయడం. కథలతో సాగే పాత సాహస ఆటలలో బొమ్మలు, మాటలు, సంగీతం ఒకవైపు, వాటిని నడిపే ఇంజను మరొకవైపు విడిగా ఉండేవి. 2001లో మొదలైన స్కమ్‌వీఎమ్ ఆ ఇంజనును నేటి సిస్టమ్‌లకు సరిపడేలా తిరిగి రాసింది. ఆట డేటా ఫైళ్లు మన దగ్గర ఉంటే చాలు.

మూడవది రాసినవారే మూలప్రతిని, అనగా సోర్స్ కోడ్‌ను, లోకానికి ఇవ్వడం. 1993 డిసెంబరులో విడుదలయిన డూమ్ ఆట సోర్స్ కోడ్‌ను ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 1997 డిసెంబరులో బయటపెట్టింది. 1999లో దానిని స్వేచ్ఛా లైసెన్సు క్రిందికి తెచ్చింది. నాటి నుండి ఎందరో దానిని తమ తమ యంత్రాలకు మలచుకున్నారు. కొత్త సిస్టమ్ ఏది వచ్చినా దానిలో డూమ్ నడపడం ప్రోగ్రామర్లకు ఒక ఆనవాయితీ అయింది.

పెట్టెలో దొరికిన మూలప్రతి

సోర్స్ కోడ్ ఎంత విలువైనదో ప్రిన్స్ ఆఫ్ పర్షియా చెబుతుంది. దీనిని జోర్డన్ మెక్‌నర్ అనే అమెరికన్ ఆపిల్-2 యంత్రం కోసం రాశారు. 1989లో విడుదలయింది. తన తమ్ముడు పరుగెత్తడం, దూకడం వీడియో తీసి, వాటినిబట్టి యువరాజు కదలికలు గీశారు. ఆట ప్రపంచమంతా తిరిగింది. దాని మూలప్రతి మాత్రం రచయితకే కనిపించకుండా పోయింది.

2012లో ఆయన తండ్రికి ఇంట్లో ఒక పెట్టె దొరికింది. అందులోని ఫ్లాపీలలో ఆ సోర్స్ కోడ్ ఉంది. ఫ్లాపీపై అయస్కాంత గుర్తులు ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడతాయి. పాత డ్రైవులు, అవి తెలిసిన మనుషులు ఇద్దరూ కావాలి. పాత సాఫ్ట్‌వేర్ భద్రపరిచే జేసన్ స్కాట్, ఆపిల్ యంత్రాల నిపుణుడు టోనీ డియాజ్ సాయపడి ఫైళ్లను బయటికి తీశారు. మెక్‌నర్ వాటిని అందరికీ చదువుకోవడానికి ఉంచారు. పెట్టె మరో పదేళ్లు మూలన పడి ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

ఈ ఆటలోనే ఇంకొక పాఠం ఉంది. దొంగ ప్రతులను అడ్డుకోవడానికి, డాస్ ప్రతిలో ఆటతోపాటు వచ్చిన చిన్న పుస్తకంలోని ఫలానా పేజీ, ఫలానా వరుసలోని మాట మొదటి అక్షరం అడిగేవారు. పుస్తకం లేకపోతే ఆట ముందుకు సాగదు. కనుక డిస్కుతోపాటు కాగితాలనూ దాచాలి.

పాతదంతా ఉచితం కాదు

ఈ విషయం విద్యార్థులు తప్పక గ్రహించాలి. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచనల కోవలోకి వస్తుంది. రచయిత మరణించిన తరువాత కూడా 60 సంవత్సరాలు హక్కులుంటాయి. కంపెనీ మూతపడినా హక్కులు మరొకరి చేతికి పోతాయే తప్ప మాయం కావు. మరోవైపు అమ్మేవారూ ఉండరు. 2010కి ముందు అమెరికాలో విడుదలయిన ఆటలలో 87 శాతం ఇప్పుడు దుకాణంలో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తెలిపింది.

న్యాయమైన దారులు ఉన్నాయి. బినీత్ ఎ స్టీల్ స్కై అనే 1994 నాటి ఆటను యజమానులే 2003లో ఉచితం చేశారు. 2008 నుండి జీఓజీ అనే దుకాణం పాత ఆటలను నేటి యంత్రాలకు తగినట్లు సిద్ధపరచి అమ్ముతోంది. వాటిలో డాస్ ఆటలు చాలావరకు డాస్‌బాక్సు జతచేసినవే. ముక్కు మొహం తెలియని సైట్ల నుండి దించుకుంటే వైరస్ ఉచితంగా వస్తుంది.

మన తెలుగుకూ ఇదే గతి

బరంపురం, బళ్లారి, హోసూరు, షోలాపూర్, యానాం వంటి చోట్ల ఉన్న మనకు తెలుగు కాగితమే ఆస్తి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీలో చేసిన ఆహ్వానాలు, సావనీర్లు, పాటల సంకలనాలు ఆనాటి ఫాంట్లలో ఉన్నాయి. వాటిలో ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు ఆకారాలు తొడిగారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. యూనికోడ్‌లో 1991 నుండే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్నాయి. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, అచ్చు ప్రతితో వరుస వరుసా సరిచూడాలి. ఆటల విషయంలో ఆలస్యమైతే ఒక వినోదం పోతుంది. ఇక్కడ మన అవ్వల పెళ్లిపాటలు పోతాయి.

విద్యార్థులకు సూచనలు

1. పాత డిస్కు లేదా సీడీ దొరికితే ముందు పూర్తి నకలు తీయండి. రెండు వేర్వేరు చోట్ల ఉంచండి.

2. నకలు సరిగా వచ్చిందో చెక్‌సమ్‌తో సరిచూడండి. అది రోజు చివర మేము క్యాషు టాలీ చేసినట్టే. ఒక్క బిట్ మారినా తేడా బయటపడుతుంది.

3. ఏ యంత్రం, ఏ సిస్టమ్, ఏ సంవత్సరం అన్నది రాసి జతచేయండి.

4. కంప్యూటర్ సైన్సు చదివేవారు డూమ్ సోర్స్ కోడ్ చదవండి. అది సీ భాషలో ఉంది. చిప్-8 అనే చిన్న యంత్రానికి సొంతంగా ఎమ్యులేటర్ రాయడానికి ప్రయత్నించండి. దానికి ఉన్నవి సుమారు 35 ఆదేశాలే. ప్రాసెసర్ ఎలా ఆలోచిస్తుందో పాఠ్యపుస్తకం కంటే బాగా అర్థమవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ అబ్బాయో అమ్మాయో పాత ఆటను నడిపించాలని గంటల తరబడి కుస్తీ పడుతుంటే, ఆడుతున్నారా, నడిపే మార్గం వెతుకుతున్నారా అని ఒకసారి పక్కన కూర్చుని చూడండి. రెండవదయితే అదీ చదువే. బ్యాంకులో ఏడాది చివర నిల్వను కొత్త లెడ్జరులోకి ఎత్తి రాసేవాళ్లం. ఎత్తి రాయని నిల్వ ఎవరి ఖాతాలోనూ ఉండదు. ఏ తరం నిల్వను ఆ తరమే ముందుకు తీసుకుపోవాలి.