ప్రపంచీకరణ – నగరాలు – మన వలసలు

ప్రపంచీకరణ అనే మాట వినగానే సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు, విదేశీ కార్లు గుర్తుకొస్తాయి. పెట్టుబడి, సరుకులు, సాంకేతిక పరిజ్ఞానం దేశాల సరిహద్దులు దాటి తేలికగా తిరగడాన్నే ప్రపంచీకరణ అంటారు. ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. మన శ్రీకాకుళం జిల్లా నుంచి కూలికి వెళ్ళే ప్రతి కుటుంబానికీ దీనితో సంబంధం ఉంది. అది ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తాం.

నాడు – నేడు

విదేశీ వర్తకం మన ప్రాంతానికి కొత్త కాదు. మన గార మండలంలోనే, వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉంది. బ్రిటిష్ వారి కాలంలో ఆ రేవు నుంచి ఓడలపై సరుకులు వెళ్ళేవి. నేడు రేవు లేదు, దీపస్తంభం మాత్రం మిగిలింది. ఆనాడు కదిలింది ముఖ్యంగా సరుకు. 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం నూతన ఆర్థిక విధానాలు చేపట్టాక విదేశీ పెట్టుబడి పెద్ద ఎత్తున కదిలి వచ్చింది. ఆ పెట్టుబడికి రోడ్లు, కరెంటు, ఓడరేవు, విమానాశ్రయం, చదువుకున్న యువత కావాలి. ఇవన్నీ ఒకచోట ఉండేది నగరాల్లోనే. అందుకే అది పల్లెకు రాక నగరానికి చేరింది.

నగరం ఎలా పెరుగుతుంది?

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. చెన్నై పరిసరాల్లో 1998లో హుందాయ్, 1999లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలు, 2006లో నోకియా సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీ వచ్చాయి. కంపెనీ వస్తే ఉద్యోగులు వస్తారు. ఉద్యోగులకు ఇళ్ళు కావాలి. దాంతో భూమి ధర పెరుగుతుంది. భూమి ప్రియమైతే ఇల్లు పక్కకు కాక పైకి లేస్తుంది. పది అంతస్తుల భవనం కట్టాలంటే వందలాది చేతులు కావాలి. వర్షాధార భూములతో, ఏడాదిలో కొన్ని నెలలే పని దొరికే ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఆ చేతులు వెళ్తాయి. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, కుటుంబం రైలెక్కుతుంది.

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో, కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. మృతుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు చాలామంది ఉన్నారు. దాని పక్కనే ఉన్న రెండో భవనాన్ని కూడా ప్రమాదకరమని 2016 నవంబరులో పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. నగరం ఎవరి చెమటతో లేస్తుందో, ప్రమాదం ముందుగా ఎవరి మీద పడుతుందో ఈ ఘటన చెబుతుంది.

మన విశాఖ

1933లో ఓడరేవు ప్రారంభమైన నాటి నుంచి విశాఖ ప్రపంచంతో ముడిపడే ఉంది. 2010లో అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమ ప్రారంభమై వేలాది గ్రామీణ మహిళలకు ఉపాధి కల్పించింది. ఆడపిల్ల చేతికి నెలజీతం రావడం చిన్న మార్పు కాదు. మరోవైపు, ఒకప్పుడు ఊరి బయట ఉన్న ఫ్యాక్టరీల చుట్టూ ఇళ్ళు వచ్చేశాయి. 1961 నాటి ఒక పాలిమర్ ఫ్యాక్టరీ 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్.జి. కంపెనీ చేతికి వచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది చనిపోయారు. వారు నిద్రలో ఉన్న చుట్టుపక్కల ప్రజలు.

పెట్టుబడికి సొంత ఊరు లేదు

లాభం తగ్గినా, పన్నుల తగాదా వచ్చినా పెట్టుబడి వెళ్ళిపోగలదు. చెన్నై దగ్గరి నోకియా ఫ్యాక్టరీ 2014 నవంబరులో మూతపడి వేలాది మంది యువతీ యువకులు పని కోల్పోయారు. 2020లో లాక్‌డౌన్ రాగానే నగరాలను కట్టిన కూలీలే ఆ నగరాల్లో తిండి, నీడ లేక కాలినడకన ఇళ్ళకు బయలుదేరారు.

మనం ఏం చేయాలి?

ప్రపంచీకరణను పూర్తిగా మంచిదనో, పూర్తిగా చెడ్డదనో తేల్చడం కన్నా, మనవారికి రక్షణ ఉందా అని అడగడం ముఖ్యమని మా అభిప్రాయం. వలస కార్మికుల కోసం 1979లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2020లో పార్లమెంటు దానిని కొత్త కార్మిక కోడ్‌లో కలిపింది. చట్టం ఉన్నా, తెలియనివారికి అది అక్కరకు రాదు. వలస వెళ్ళే మన పెద్దలచేత 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించాలి. ఆహార భద్రతా చట్టం కిందికి వచ్చే రేషన్ కార్డుతో వేరే రాష్ట్రంలోనూ బియ్యం తీసుకోవచ్చని వారికి చెప్పాలి. మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, పనిచేసే చోటి చిరునామా రాయించి ఇంట్లో ఉంచాలి. ఈ పని చదువుకుంటున్న మనమే చేయగలం.

అమ్మానాన్నలు వలస వెళ్ళినా పిల్లల బడి ఆగకుండా చూసేది ఇలాంటి హాస్టళ్ళే. రేపు మనలో చాలామందిమి ఏదో ఒక నగరానికి వెళ్తాం. మేస్త్రీ చేతి అడ్వాన్సుతో కాక, చేతిలో చదువుతో, హక్కులు తెలిసిన మనుషులుగా వెళ్దాం.