వాహన వివేకం

మహాభారతంలోని నలోపాఖ్యానంలో ఒక రసవత్తరమైన ఘట్టం ఉంది. దమయంతి ద్వితీయ స్వయంవర వార్తను విన్న ఋతుపర్ణ మహారాజు ఒక్క పగటిలో అయోధ్య నుండి విదర్భ రాజధానికి చేరాలని సంకల్పిస్తాడు. ఆయన కొలువులో బాహుకుడనే మారుపేరుతో సారథిగా ఉన్న నలుడు అశ్వశాలకు వెళ్లి, బలిసి నిగనిగలాడే గుర్రాలను విడిచిపెట్టి, చూపులకు బక్కచిక్కిన గుర్రాలను ఎంచి తెస్తాడు. ఇవి అంత దూరం పరుగెత్తగలవా అని రాజు సందేహిస్తాడు. బాహుకుడు వాటి జాతిని, దేహాలపై ఉన్న సుడులను చూపి, దారి దాటించగలవి ఇవేనని నిశ్చయంగా చెబుతాడు. ఆ గుర్రాలే సాయంకాలానికి రథాన్ని కుండినపురం చేర్చాయి.

వాహనాన్ని పరీక్షించడం ఒక విద్య అని పూర్వులు గుర్తించారు. మనుమంచి భట్టు అనే కవి గుర్రాల లక్షణాలను గూర్చి తెలుగులో పద్యగ్రంథమే రచించాడు. పశువుల సంతలో ఎద్దును కొనే రైతు నేటికీ దాని పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. రథం పోయి కారు వచ్చింది గాని, ఆ విద్య అవసరం తీరిపోలేదు. కొత్త కారు కొనాలా, మరొకరు వాడిన కారు కొనాలా అన్న ప్రశ్న నేడు అనేక మధ్యతరగతి గృహాలలో వినవస్తున్నది. కోరుకొన్నది వేగానికి పేరుపడిన స్పోర్ట్స్ కారు అయినప్పుడు ఆ ప్రశ్న మరింత జటిలమవుతుంది.

ఏర్పేడు తిరుపతికి, శ్రీకాళహస్తికి నడుమ జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ వరకు చిత్తూరు జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజన తరువాత తిరుపతి జిల్లాలో చేరింది. 2015లో ప్రారంభమైన తిరుపతి ఐ.ఐ.టి., ఐసర్ విద్యాసంస్థల ప్రాంగణాలు ఈ మండలంలోనే వెలిశాయి. ఇదే జిల్లాలో శ్రీసిటీలో ఇసుజు వాహనాలు, కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు తయారవుతున్నాయి. ఒకనాడు సేద్యమే ఆధారంగా బతికిన కుటుంబాలలో నేడు నెలజీతం తెచ్చే యువకులు ఉన్నారు. అటువంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. కుమారుడు ఒక కర్మాగారంలో ఉద్యోగి. చిన్ననాటి నుండి అతనికి వేగంగా దూసుకుపోయే ఎర్రని కారంటే మక్కువ. అతడు దాచుకొన్నది 2 లక్షల రూపాయలు. మరో 2 లక్షలకు తన నగలు కుదువపెట్టడానికి తల్లి సిద్ధంగా ఉంది. చెల్లెలు ఇంటర్మీడియెట్ చదువుతున్నది. ఇంట్లో చర్చ సాగుతున్నది.

అసలు స్పోర్ట్స్ కారు అంటే ఏమిటి? నేలకు దగ్గరగా ఉండి, తేలికైన దేహం, శక్తిమంతమైన ఇంజను కలిగి, మలుపులలో నిలకడగా సాగే కారును ఆ పేరుతో పిలుస్తారు. సాధారణంగా అందులో ఇద్దరికే చోటు ఉంటుంది. అటువంటి కార్లలో చాలా భాగం మనదేశానికి దిగుమతి అవుతాయి. వాటి ధరకు భారీ సుంకం తోడవుతుంది. ఐదుగురు కూర్చోగల చిన్న కారుకే పందెపు కారు చురుకుదనం కల్పించిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జి.టి.ఐ. 2025లో భారతదేశంలో విడుదలైనప్పుడు దాని ధర 50 లక్షల రూపాయలను మించింది. కనుక సామాన్య యువకుడు తన మక్కువను తగ్గించుకొని, చురుకైన ఇంజను గల చిన్న కారువైపు చూస్తాడు. 2021లో వచ్చిన హ్యుండాయ్ ఐ20 ఎన్ లైన్ అటువంటిదే. యువతకు ప్రీతిపాత్రమైన ఫోక్స్‌వాగన్ పోలో తయారీ మనదేశంలో 2022లో నిలిచిపోయింది. దానిని కోరేవారికి పాత కారు తప్ప వేరు మార్గం లేదు.

ముందుగా కొత్త కారు విషయం పరిశీలించాలి. ఏర్పేడు యువకుడు కోరిన కారు అంగడి ధర 10 లక్షలు అనుకొంటే, జీవితకాల పన్ను, రిజిస్ట్రేషను, బీమా కలిసి సుమారు 12 లక్షలు అవుతుంది. చేతిలోని సొమ్ము, నగల మీది అప్పు పోగా 8 లక్షలు బ్యాంకు నుండి తేవాలి. 9 శాతం వడ్డీతో 5 సంవత్సరాలలో తీర్చాలంటే నెలకు సుమారు 16,600 రూపాయల వాయిదా కట్టాలి. వడ్డీయే 1 లక్షా 96 వేలు అవుతుంది. ఇలా మొత్తం వ్యయం 14 లక్షలకు చేరువవుతుంది. నగల మీది వడ్డీ దీనికి అదనం.

మరి ఆ కారు విలువ ఏమవుతుంది? మోటారు బీమా నిబంధనలలో ఒక తరుగుదల పట్టిక ఉంది. దాని ప్రకారం తయారీదారు ప్రకటించిన ధర నుండి మొదటి ఆరు నెలలలోపు 5 శాతం, ఏడాదిలోపు 15 శాతం, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50 శాతం తగ్గించి బీమా విలువను నిర్ణయిస్తారు. అంటే 10 లక్షల కారు ఐదవ ఏట 5 లక్షల వస్తువుగా మిగులుతుంది. విపణిలో ధర దీనికి కొంత అటూ ఇటూగా ఉండవచ్చును గాని, దిశ మాత్రం ఇదే. కట్టిన పన్ను తిరిగి చేతికి రాదు. కొత్తదనానికి చెల్లించే మూల్యం ఇది.

అయినా కొత్త కారుకు కొన్ని సద్గుణాలు ఉన్నాయి. దాని చరిత్ర మొదటి పుట నుండి యజమానికి తెలుసు. లోపం కనిపిస్తే వారంటీ కాలంలో కంపెనీయే బాగుచేస్తుంది. భద్రతా సాధనాలూ మెరుగ్గా ఉంటాయి. చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏ.బి.ఎస్. బ్రేకులు 2019 ఏప్రిల్ నుండి, డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుండి కొత్త కార్లలో తప్పనిసరి అయ్యాయి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ నిబంధన 2021 చివరకు అన్ని కార్లకు వర్తించింది. కనుక పాత కారు ఏ సంవత్సరంలో తయారైనదన్న ప్రశ్న ప్రాణరక్షణకు కూడా సంబంధించినది. పన్ను మార్పులనూ గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్ల లోపు పొడవు, పరిమిత సామర్థ్యం గల ఇంజను ఉన్న చిన్న కార్లపై జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గింది. కొత్త కారు ధర తగ్గినప్పుడు పాత కారుకు పాత ధరే చెల్లించడం అవివేకం.

ఇక పాత కారు. ఇందులో పెద్ద చిక్కు అజ్ఞానం. కారులోని లోపాలు అమ్మేవానికి తెలుసు, కొనేవానికి తెలియవు. నీళ్లలో ఉన్న బర్రెకు కొమ్ములు చూసి బేరమాడటం వంటిది ఇది. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో ఈ విషయంపైనే ఒక ప్రసిద్ధ వ్యాసం రచించాడు. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం తెలుగునాట ఆచారం. అమెరికా వాడుకలో మాత్రం లోపాలున్న కారునే నిమ్మకాయ అంటారు. మంచి కారేదో, నిమ్మకాయ ఏదో తెలియని కొనుగోలుదారు అన్నింటికీ తక్కువ ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడానికి ఇష్టపడక తప్పుకొంటాడు. క్రమంగా విపణిలో నాసిరకమే మిగులుతుందని అకర్లాఫ్ నిరూపించాడు. సమాచారంలోని ఈ అసమానతను విశ్లేషించినందుకు 2001లో ఆయనకు మైఖేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

వేగం కోసం కొన్న కార్ల విషయంలో ఈ ప్రమాదం అధికం. వాటిని నెమ్మదిగా నడిపేవారు అరుదు. క్లచ్చి, టైర్లు, బ్రేకులు త్వరగా అరుగుతాయి. కొందరు శక్తిని పెంచే తాపత్రయంతో ఇంజను అమరికనే మార్పిస్తారు. ఆ మార్పు కంటికి కనబడదు. తిరుపతి ప్రాంతపు కార్లు ఎన్నోసార్లు తిరుమల కనుమదారి ఎక్కి దిగినవి కావచ్చు. కాబట్టి ఎత్తు ఎక్కే చోట క్లచ్చిని, దిగే చోట బ్రేకును పరీక్షించాలి. చెన్నై 2015, 2023 సంవత్సరాల డిసెంబరులో, తిరుపతి 2021 నవంబరులో వరదల పాలయ్యాయి. నీట మునిగిన కారును కడిగి మెరుగుపెట్టి అమ్మజూపేవారు ఉంటారు. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే దాని చివర బురద చార కనిపించవచ్చు. కాలికింది తివాచీ ఎత్తితే తుప్పు, ముక్కవాసన బయటపడవచ్చు.

కారుకూ సుడులు ఉన్నాయి. టైరు పక్కభాగంలోని నాలుగంకెలలో మొదటి రెండు అది తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2321 అని ఉంటే అది 2021లో 23వ వారంలో తయారైనదని అర్థం. మీటరులో కిలోమీటర్లు తక్కువగా ఉండి, పెడళ్ల రబ్బరు అరిగిపోయి ఉంటే ఆ మీటరును నమ్మరాదు. తలుపుకు, బానెట్‌కు మధ్య రంగు తేడా ఉంటే ప్రమాదం జరిగిందేమోనని శంకించాలి. సర్వీసు రికార్డును వరుసగా చదవాలి. అమ్మేవానితో సంబంధం లేని మెకానిక్‌కు రుసుము చెల్లించి చూపించాలి. ఆ కంపెనీ భవిష్యత్తునూ ఆలోచించాలి. షెవర్లే కార్ల అమ్మకం మనదేశంలో 2017తో ముగిసింది. ఫోర్డ్ సంస్థ ఇక్కడ కార్ల తయారీని ఆపుతున్నట్లు 2021లో ప్రకటించింది. అటువంటి కారు చవకగా దొరికినా, విడిభాగాలు సులభంగా దొరుకుతాయో లేదో ముందే విచారించాలి.

కాగితాల పరీక్ష కూడా అంతే ముఖ్యం. ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కారుపై ఉన్నవాటితో సరిపోవాలి. అప్పు తీరినట్లు బ్యాంకు ఇచ్చిన పత్రం ఉండాలి. అమ్మినవారు, కొన్నవారు 29, 30 నంబరు ఫారాలతో యాజమాన్య మార్పిడిని రవాణా శాఖలో నమోదు చేయించాలి. బీమాను కూడా 14 రోజులలో కొత్త యజమాని పేరుకు మార్పించమని కోరాలి. తమిళనాడు కారును తెచ్చి పన్నెండు నెలలకు మించి ఇక్కడ వాడితే, నిరభ్యంతర పత్రంతో తిరిగి రిజిస్టరు చేయించాలి. ఇవన్నీ లాంఛనాలు కావు. కారు అమ్మివేసినా రిజిస్ట్రేషను మార్చనంత వరకు, రికార్డులో పేరున్న వ్యక్తియే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

చివరగా దారిని గూర్చి ఆలోచించాలి. గంటకు 200 కిలోమీటర్ల వేగాన్ని మీటరు చూపవచ్చు గాని, ఆ వేగాన్ని దేశంలోని ఏ రహదారిపైనా చట్టం అనుమతించదు. ఏర్పేడు మీదుగా సాగే దారిలో లారీలు, బస్సులు, శ్రీకాళహస్తికి వెళ్లే యాత్రికులు, పొలాలకు వెళ్లే రైతులు ఉంటారు. 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు పోలీస్ స్టేషను ఎదుట అదుపు తప్పిన లారీ గుమికూడిన జనంపైకి దూసుకురావడంతో పలువురు రైతులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఊరివారికి వేగం అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. కారు కొత్తదైనా పాతదైనా, తగిన చోట ఆగగలిగినదే మంచి కారు.

ఇప్పుడు ఆ యువకుని ముందు రెండు పాత కార్లు ఉన్నాయని అనుకొందాం. చెన్నైలో ఉన్నది ఎర్రగా మెరుస్తున్నది, ధర కూడా తక్కువ. కాని మెకానిక్ సీటు బెల్టు లాగి చూడగా బురద చార కనిపించింది. తిరుపతిలో ఉన్నది మూడేళ్లది. రంగు కొంత మాసింది, తలుపుపై రెండు గీతలు ఉన్నాయి. అయితే ఒకే యజమాని, వరుస తప్పని సర్వీసు రికార్డు, ఏ.బి.ఎస్., రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. తరుగుదల పట్టిక ప్రకారం దాని ధర 7 లక్షలు. అతడు దాచుకొన్న 2 లక్షలు పోగా 5 లక్షల అప్పు చాలు. పాత కార్ల అప్పుకు వడ్డీ ఎక్కువ. 12 శాతం చొప్పున ఐదేళ్లకు లెక్కించినా వాయిదా 11,100 రూపాయలకు కొంచెం మించుతుంది. మొత్తం వ్యయం 8 లక్షల 67 వేలు. మిగిలిన సొమ్ములో కొంత మరమ్మతులకు ప్రత్యేకించాలి. ఐదేళ్ల తరువాత అమ్మితే వచ్చేది తక్కువన్నది కూడా నిజమే. అయినా తల్లి నగలు ఇల్లు దాటనక్కరలేదు, చెల్లెలి చదువుకు ఆటంకం రాదు.

కర్మాగారం నుండి వచ్చిన కుమారుడు ఈ లెక్క చెప్పగా విన్న తల్లి, “బండి మనల్ని మొయ్యాల గానీ, మనం బండిని మొయ్యకూడదు నాయనా” అన్నది.

ఆ మాటలో ఈ చర్చ సారమంతా ఉంది. పరీక్షించే ఓపిక, పరీక్షింపగల మనిషి తోడు లేనివారు తమ స్తోమతకు తగిన చిన్న కొత్త కారు కొనడమే క్షేమం. ఆ రెండూ ఉన్నవారికి పాత కారు లాభకరం. కొత్తదానికి ధనంతో మూల్యం చెల్లించాలి, పాతదానికి శ్రద్ధతో చెల్లించాలి. రెండింటిలో దేనినీ చెల్లించకుండా మెరుపును మాత్రమే చూసి కొన్నవారు ఆ తరువాత అంతకు మించిన మూల్యం చెల్లిస్తారు. ఋతుపర్ణుని అశ్వశాలలో బలిసిన గుర్రాలకు కొదవ లేదు. అయినా రథాన్ని గమ్యం చేర్చినవి బాహుకుడు పరీక్షించి ఎంచిన గుర్రాలే.