రూపము మారినను అర్థము మారరాదు

పద్యమునకు అన్వయము చెప్పునపుడు పదముల వరుస మార్చుదుము, అర్థమును మార్చము. కంప్యూటరులోని సమాచారమును జేసన్ రూపమునుండి ఎక్స్‌ఎంఎల్ రూపమునకు మార్చుటయు ఇట్టి పనియే.

జేసన్ అనునది క్లుప్తమైన వ్రాత. 2001వ సంవత్సర ప్రాంతమున డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అను నాతడు దీనికి పేరిడి ప్రచారము గావించెను. పేరును దాని విలువయు జంటగా నుండును. పెక్కు విలువలున్నచో జాబితాగా కూర్తురు. ఎక్స్‌ఎంఎల్ 1998లో ప్రమాణమైనది. ఇందు ప్రతి యంశమునకును పేరుగల ఆరంభపు గుర్తు, ముగింపు గుర్తు నుండును. వ్రాత పెరుగును, కాని కావలసినదానిని వెదకుటకు ఎక్స్‌పాత్, వేరొక రూపమున కూర్చుటకు ఎక్స్‌ఎస్‌ఎల్‌టి, తప్పొప్పులు పరీక్షించుటకు స్కీమా అను సాధనములు సిద్ధముగా నున్నవి. ఈ సౌకర్యము కొరకే మార్పు చేయుదురు.

ఒక గ్రంథాలయమువారు తమ పుస్తక పట్టికను ఇట్లే ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి, దోషములు దిద్ది, మరల జేసన్‌గా మార్చిరి. నేను మా గురువుగారి పేరుతో వెదకగా ఏమియు కానరాలేదు. వారి వ్యాకరణ గ్రంథము పట్టికలో నున్నది. కర్త పేరు మాత్రము లేదు. ఇద్దరు వ్రాసిన గ్రంథములకు ఈ లోపము లేదు. ఒక్కరు వ్రాసినవన్నియు కర్తలేనివైనవి!

కారణ మేమి? ఇద్దరున్న జాబితా ఎక్స్‌ఎంఎల్‌లో "కర్త" యను అంశము రెండుమారులుగా మారినది. ఒక్కరున్న జాబితా ఒకమారే వచ్చినది. తిరిగి మార్చునపుడు యంత్రము దానిని జాబితాగా గుర్తింపక వట్టి పేరుగా వ్రాసినది. జాబితానే యెదురుచూచు వెదకు ప్రోగ్రాము ఆ పేరును విడిచిపెట్టినది. విలువ నిలిచినది, వచనము చెడినది.

దీనికి మందు కలదు. 2017లో వెలువడిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 3.0 నందు ఈ మార్పునకే ఒక సాధనము నిర్ణయింపబడినది. అది జాబితాను జాబితా యనియే, సంఖ్యను సంఖ్య యనియే ప్రత్యేకపు గుర్తులలో నుంచును. ఒక్క పేరే యున్నను జాబితా గుర్తు చెదరదు. జేసన్‌లోని పేర్లను గుర్తులుగా గాక గుణములుగా వ్రాయును గనుక, నడుమ ఖాళీ యున్న పేరును, అంకెతో మొదలగు పేరును గూడ చిక్కు కలిగింపవు.

కావున మార్పు చేయువారు ముందుగా ఒక్కటే విలువగల జాబితాను, శూన్యమైన జాబితాను మార్చి, తిరిగి వెనుకకు మార్చి, మూలముతో సరిచూడవలెను. ఆ గ్రంథాలయమువారు అట్లే చేసిరి. ఇపుడు వెదకినచో మా గురువుగారి పేరు కానవచ్చుచున్నది.