ఖరగ్‌పూర్: ఒకరికి అలంకారమైన కళ్లజోడు, మరొకరికి ఉద్యోగ పరీక్ష ఎలా అయింది?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో కళ్లజోడుకు రెండు విలువలున్నాయి. బజారులో అది ముఖానికి నప్పాల్సిన వస్తువు. గుండ్రటిదా, పలకలదా, నల్లటి మందపాటి అంచు ఉన్నదా అని అద్దంలో చూసుకుని ఎంచుకునేది. రైల్వే వైద్యుని గదిలో మాత్రం ఒక యువకుడు ఇంజిన్ ఎక్కగలడా, లేదా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఈ తేడా ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు తరతరాలుగా తెలిసినదే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ కర్మాగారాన్ని నెలకొల్పిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు పనికోసం వచ్చి స్థిరపడ్డారు. వారి సంఖ్య ఎంతగా పెరిగిందంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపింది. ఇంట్లో ఒకరు రైలు నడుపుతూ, మరొకరు కార్యాలయంలో గుమస్తాగా ఉండటం ఇలాంటి ఊళ్లలో మామూలే. ఇద్దరిదీ ఒకే రైల్వే అయినా, ఇద్దరి కళ్లకూ ఒకే కొలత లేదు.

ఆ కొలత ఏమిటి?

భారతీయ రైల్వే తన ఉద్యోగాలను వైద్యపరంగా ఏ, బీ, సీ అనే మూడు వర్గాలుగా విభజించింది. ప్రజల భద్రతతో ముడిపడినవి మొదటి వర్గంలోకి, ఉద్యోగి స్వీయ భద్రతకూ తోటి కార్మికుల భద్రతకూ సంబంధించినవి రెండో వర్గంలోకి వస్తాయి. మూడోది కేవలం పరిపాలనా సౌలభ్యం కోసం.

వీటన్నిటిలో కఠినమైనది ఏ-1. అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరేవారికి కళ్లజోడు లేకుండానే రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి. అంటే, సాధారణమైన కన్ను 6 మీటర్ల దూరం నుంచి చదవగలిగే అక్షరాలను వారూ అంతే దూరం నుంచి చదవాలి. లేసిక్ శస్త్రచికిత్సతో చూపు సరిచేయించుకున్న వారు కూడా ఈ ఉద్యోగానికి అనర్హులే. సీ-1 ఉద్యోగాలకు కళ్లజోడు పెట్టుకుని అయినా సరే ఒక కన్ను 6/12, మరొకటి 6/18 ఉంటే చాలు.

ఏ-1 అభ్యర్థులకు ఫాగింగ్ టెస్ట్ అనే మరో పరీక్ష ఉంది. కంటి ముందు +2 పవర్ అద్దం పెట్టి అక్షరాలు చదవమంటారు. మామూలు కంటికి అప్పుడు దూరపు అక్షరాలు మసకబారాలి. మసకబారలేదంటే ఆ కంటిలో దీర్ఘదృష్టి దాగి ఉన్నట్టు లెక్క. యవ్వనంలో కంటి కటకం తన వంపును పెంచుకుని ఈ లోపాన్ని కప్పిపుచ్చుతుంది. వయసు మీద పడ్డాక ఆ శక్తి తగ్గి, లోపం బయటపడుతుంది. చక్కగా చదివినందుకు తప్పే పరీక్షలు లోకంలో అరుదు. ఇది వాటిలో ఒకటి.

రంగుల పరీక్ష వెనుక ఒక ప్రమాదం

1875 నవంబరులో స్వీడన్‌లోని లాగర్‌లుండా వద్ద రెండు రైళ్లు ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. రైలు సిబ్బందిలో ఒకరు రంగులను సరిగా గుర్తించలేకపోవడమే కారణం కావచ్చని శరీరధర్మ శాస్త్రవేత్త ఫ్రిట్యాఫ్ హోల్మ్‌గ్రెన్ అనుమానించారు. రంగురంగుల ఉన్ని నూలు చిలపలను ముందు పోసి, ఒకే రంగు ఛాయలున్న వాటిని ఏరమనే పరీక్షను ఆయన రైల్వే సిబ్బందికి పెట్టారు. ఆ తర్వాత రంగుల చూపు పరీక్ష అనేక దేశాల రైల్వేలకు విస్తరించింది. నేడు ఇషిహారా చుక్కల పటాలు, రంగు దీపాల లాంతరు ఆ పని చేస్తున్నాయి. ఏ పవర్ కళ్లజోడూ ఈ లోపాన్ని తీర్చదు.

పొగ నుంచి ఫ్యాషన్ దాకా

కళ్లజోడు పుట్టింది 13వ శతాబ్దం చివర, ఇటలీలో. ఈ విద్య వచ్చి ఇంకా 20 ఏళ్లయినా కాలేదని 1306లో ఫ్లారెన్స్‌లో జోర్డానో అనే మతగురువు తన ప్రసంగంలో చెప్పినట్టు నమోదైంది. తెలుగువారికి దగ్గరి ఆధారం విజయనగర చరిత్రలో ఉంది. కృష్ణదేవరాయల గౌరవం పొందిన వ్యాసతీర్థులు ‘ఉపలోచన గోళకం’ సాయంతో గ్రంథం చదివినట్టు సోమనాథ కవి సంస్కృత కావ్యం ‘వ్యాసయోగిచరితం’ వర్ణిస్తుంది. అది కళ్లజోడేనని చరిత్రకారుడు పి.కె.గోడే గుర్తించారు. పోర్చుగీసుల ద్వారా అది ఇక్కడికి చేరి ఉండవచ్చునన్నది పరిశోధకుల అభిప్రాయం.

చెవుల మీదికి వచ్చే కాడలు 18వ శతాబ్దంలో గానీ రాలేదు. అంతకుముందు చేత్తో పట్టుకోవడమో, ముక్కుకు బిగించడమో చేసేవారు. ఐరోపా సంపన్న స్త్రీలు పిడి ఉన్న అద్దాలను అవసరమైనప్పుడు మాత్రమే తీసి, వెంటనే మడిచేసేవారు. చూపు తక్కువని తెలియడం నామోషీగా ఉండేది కదా!

ఫ్యాషన్‌లో రైలుకూ కొంత వాటా ఉంది. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో ‘రైల్వే కళ్లద్దాలు’ అనే రకం అమ్ముడుపోయేది. పై కప్పు లేని పెట్టెల్లో ప్రయాణించే వారి కళ్లలో పొగ, నిప్పురవ్వలు పడకుండా వాటికి పక్కల కూడా అద్దాలుండేవి. వాటిలో నీలం, ఆకుపచ్చ ఛాయల అద్దాలూ ఉండేవి. చలువ కళ్లద్దాలు విస్తృతంగా మార్కెట్‌లోకి వచ్చింది మాత్రం 1929లో. శామ్ ఫాస్టర్ వాటిని అమెరికాలోని అట్లాంటిక్ సిటీ సముద్రతీరంలో చవకగా అమ్మారు. పైలట్ల కోసం తయారైన ఆకుపచ్చ అద్దాల ఏవియేటర్లను 1937లో బాష్ అండ్ లాంబ్ సంస్థ రే-బాన్ పేరుతో జనానికి అందించింది.

అలంకారం అవసరాన్ని పూర్తిగా వదిలేసింది సినిమాలో. 1917 నుంచి హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ పెట్టుకున్న గుండ్రటి ఫ్రేమ్‌లో అసలు అద్దాలే లేవు.

ప్రజాజీవితంలో కళ్లజోడు హోదాకు గుర్తుగా మారింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో బోధించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను కళ్లజోడు లేకుండా ఊహించడం కష్టం. 1928లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి చిత్రాల్లోనూ కళ్లజోడు కనిపిస్తుంది. గాంధీజీదిగా చెప్పిన ఒక కళ్లజోడు 2020 ఆగస్టులో బ్రిస్టల్ వేలంలో 2,60,000 పౌండ్లు పలికింది. నాయకుడి ముఖానికి గాంభీర్యం తెచ్చిన ఆ వస్తువే, ఆయన వెంట నడిచిన ఇంజిన్ కార్మికుడి ముఖం మీద కనిపిస్తే ఉద్యోగానికి గండంగా తోచేది.

నలభై దాటాక

దగ్గరి అక్షరాలు అల్లుకుపోయే స్థితిని తెలుగులో చత్వారం అంటారు. బెంగాలీలో దాన్ని ‘చాల్షే’ అంటారు. రెండు మాటల్లోనూ నలభై అనే లెక్క దాగి ఉంది. ఖరగ్‌పూర్‌లో ఇరుగుపొరుగు వారి భాషలు వేరైనా, ఈ వయసు దగ్గర మాట ఒకటే అవుతుంది.

ఏ వర్గం ఉద్యోగులకు 45 ఏళ్ల వరకు నాలుగేళ్లకోసారి, ఆ తర్వాత 55 వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా వైద్య పరీక్ష జరుగుతుంది. అందులో నెగ్గకపోతే ఆ వర్గం నుంచి తప్పిస్తారు. ఇంజిన్ దిగితే రైలు నడిపిన కిలోమీటర్ల లెక్కన వచ్చే భత్యం ఆగిపోతుంది. అయితే, సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిన ఉద్యోగిని తొలగించకూడదనీ, హోదా తగ్గించకూడదనీ, అదే వేతన శ్రేణిలో మరో పని ఇవ్వాలనీ 1995 నాటి వికలాంగుల చట్టం చెప్పింది. 2016 చట్టం కూడా ఆ రక్షణను కొనసాగించింది.

చూపు మందగించిందని తెలిసీ దాచడానికి మనుషుల్ని పురిగొల్పేది ఈ జంకే. నిజానికి సర్వీసులో ఉన్నవారి విషయంలో నిబంధన కాస్త మెత్తగానే ఉంది. చేరేటప్పుడు కూడదన్న కళ్లజోడును, తర్వాతి పరీక్షల్లో చూపు నిర్దేశిత స్థాయికి వచ్చేలా వాడుకోవచ్చు. అలా వాడేవారు విధుల్లో దాన్ని తప్పక ధరించాలి.

ఆ అద్దాలకు గాఢమైన రంగు మాత్రం పనికిరాదు. రంగు అద్దం కాంతిలో కొంత భాగాన్ని అడ్డుకుంటుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాల మధ్య తేడాయే ప్రాణాధారమైన చోట అది ముప్పు తెస్తుంది. ఎండలో బజారుకు తీసుకెళ్లే చలువ అద్దాలు ఇంటి దగ్గరే ఉండాలి.

రైల్వే జనరల్ రూల్స్‌లో మరో చిన్న షరతు ఉంది. వైద్యుని సలహాపై కళ్లజోడు వాడే డ్రైవర్ తన వెంట ఒకటి కాదు, రెండు జతలు ఉంచుకోవాలి. ఒకటి కళ్లకు, రెండోది సంచిలో.