క్రొవ్వు తగ్గించు మందులు – కాలేయ పరీక్షలోని అంకెలు

కోవిల్పట్టి, విరుదునగరు ప్రాంతములందలి తెలుగువారు ఇంట తెలుగు మాటలాడుదురు. వైద్యుడు తమిళమున చెప్పును. రక్తపరీక్ష పత్రము ఇంగ్లీషున నుండును. మూడు భాషల నడుమ రోగికి తుదకు భయమే మిగులును. పత్రమున ఒక అంకె హద్దు మీరినదని విని, క్రొవ్వు తగ్గించు మాత్రను తామే మానివేయువారు కలరు. ఇది గుండెకు ప్రమాదకరము.

ఈ మాత్రలకు స్టాటినులని పేరు. జపాను శాస్త్రజ్ఞుడు అకిర ఎండో 1973లో ఒక బూజునుండి ఈ జాతి మందును తొలుత కనుగొనెను. కాలేయమున కొలెస్టరాలు తయారగుటకు తోడ్పడు ఎంజైమును స్టాటిను అడ్డగించును. అంతట కాలేయము రక్తములోని కొలెస్టరాలును అధికముగా గ్రహించును. మందు పనిచేయు చోటు కాలేయమే గనుక దాని పరీక్ష అవసరమైనది.

పత్రమున యస్.జి.పి.టి., యస్.జి.ఓ.టి. అను రెండు ఎంజైములు కానవచ్చును. ఇవి కాలేయకణములలో నుండును; కణములు నొచ్చినప్పుడు రక్తములోనికి ఎక్కువగా చేరును. రెండవది కండరములందును కలదు. కావున నల్లరేగడిలో దినమంతయు శ్రమించినవానికిని, అంగడిలో నూనెడబ్బాలు మోసినవానికిని అది పెరుగవచ్చును.

స్టాటిను ఆరంభించిన తొలి నెలలలో కొందరికి ఈ అంకెలు స్వల్పముగా పెరుగును. మందు మానకున్నను తరచుగా తగ్గును. గరిష్ఠపరిమితి 40 అయినచో 60 వచ్చినంతనే కాలేయము చెడినదనరాదు. మూడు రెట్లు, అనగా 120 దాటి, మరల పరీక్షించినను అట్లే యున్నచో వైద్యుడు మోతాదు తగ్గించును, లేదా మందు మార్చును. ఇట్టివారు నూటికి ఏ ఒకరిద్దరో. కాలేయము నిజముగా చెడుట మిక్కిలి అరుదు. అందుచేతనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో, మందుకు పూర్వమొకసారియు, పిదప అవసరమైనప్పుడును పరీక్షించిన చాలునని నిర్ణయించినది.

ఆ తొలి పరీక్ష ముఖ్యము. మధుమేహము, స్థూలకాయము, మద్యపానము గలవారికి కాలేయమున క్రొవ్వు చేరి, మందుకు ముందే అంకె పెరిగియుండవచ్చును. పాత పత్రము లేనిచో నింద మందుపై పడును.

కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురువన్నెకు తిరుగుట, అన్నద్వేషము, మితిమీరిన అలసట కలిగినచో వెంటనే వైద్యుని చూడవలెను. వాడుచున్న నాటుమందులను, మద్యపానమును దాచరాదు. పాత పత్రములన్నియు ఒకచోట భద్రపరచి వెంట గొనిపోవలెను. మాత్ర మానుటయా, కొనసాగించుటయా అను నిర్ణయము వాటిని చూచిన వైద్యునిదే కావలెను.