పిల్లలు కొనుక్కున్న చందమామ

1947 జూలైలో మద్రాసునుండి 'చందమామ' తెలుగు, తమిళ భాషలలో వెలువడినది. స్థాపకులు నాగిరెడ్డి, చక్రపాణిగార్లు. చక్రపాణిగారు మా మోపిదేవికి కృష్ణ ఆవలనున్న తెనాలివారు.

1980వ దశకములో, మా బాల్యమున, సుబ్రహ్మణ్యేశ్వరస్వామి తిరునాళ్ళలో పెద్దలిచ్చిన డబ్బులు జీళ్ళకు పోగా మిగిలినవి చందమామకై దాచుకొనెడివారము. ఒకరు కొన్న ప్రతి పది ఇండ్లు తిరిగి, అట్ట ఊడి, కొన్నవానికి చేరెడిది.

ఆ పత్రికపై పిల్లలకంత మక్కువ ఏల? వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రము కొట్టువద్దనే కాళ్ళు కదలనిచ్చెడిది కాదు. లోపల ప్రతి కథకును బొమ్మ ఉండెడిది. చదువు సరిగా రానివాడు బొమ్మను చూచి కథ ఊహించి, ఆ ఊహ నిజమో కాదో తెలిసికొనుటకు అక్షరములు కూడబలుకుకొనెడివాడు. 1952 మొదలు 1980 వరకు దానిని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు భాషను తేటగా, వాక్యమును పొట్టిగా ఉంచినారు. అందుచేత వాని శ్రమ వృథా పోలేదు.

ఇక భేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయును. విక్రమార్కుని సమాధానము చదువకముందే మేము పుటను చేతితో మూసి వాదులాడుకొనెడివారము. న్యాయమేదో తర్కించుట మాకచ్చట అలవడినది. రాజు మౌనము వీడగానే భేతాళుడు మరల చెట్టెక్కును. మేము మరల డబ్బులు కూడబెట్టెడివారము.

2013 నాటికి చందమామ ఆగిపోయినది. అయినను ఆ కిటుకు పోలేదు. పిల్లవాడు తన చేతి డబ్బుతో, తానే ఎంచుకొని కొన్న పుస్తకమును తుదివరకు చదువును. పుస్తకాల కొట్టుకు వెళ్ళినపుడు పైకము వానికిచ్చి, ఎంపికయు వానికే విడిచిపెట్టుడు.